కదలని నువ్వుగింజ

ఒకానొక రాజ్యంలో దూరం కొలవడానికి కొలకర్ర అక్కర్లేదు, రాజుగారి కాలు చాలు. రణభీముడనే ఆ రాజు వేసే అంగ సరిగ్గా మూడడుగులని శాసనం. కాలు దానికి ఒప్పుకుందో లేదో ఎవరూ అడగలేదు.

కోటగుమ్మం నుంచి ఏటి దాకా ఉన్న దూరంలో మొదటి ఏడో వంతు కోటది. అందులో ఇంకెవరి కట్టడమూ ఉండరాదు. ఒక ఉదయం రాజు ఆ దూరం నడిచాడు. రెండు వందల అంగలు వచ్చాయి. ఆస్థాన గణితపండితుడు సోమయాజి దాన్ని ఏడుతో భాగించి, తాడుతో హద్దు గీయించి, గొంతు సవరించుకున్నాడు.

"ఇరవై ఎనిమిది అంగలు, ఒక అడుగు, ఎనిమిది అంగుళాలు, నాలుగు యవగింజలు, ఆపైన ఒక నువ్వుగింజ. కుమ్మరి గవరమ్మ కుండలు కాల్చే ఆవం హద్దులోకి నువ్వుగింజంత వచ్చింది ప్రభూ."

"కూలగొట్టండి" అన్నాడు రాజు.

ఆ ఆవం పక్కనే, ఒక అంగ వెనగ్గా, సోమయాజి కొత్త ఇల్లుంది. పొగ ఆయనకు పడదు.

గవరమ్మ పరుగున కొలువుకొచ్చింది. "దొరా, ఏడాది కుండలన్నీ అందులోనే పేర్చాను. నువ్వుగింజంత గోడ గీకేస్తాను, ఆవం వదిలేయండి."

"గోడ గీకితే నేరం పోతుందా?" అన్నాడు సోమయాజి.

కొలువులో మాటకారి కామసాని లేచింది. "కూల్చేముందు ప్రభువులు ఇంకోసారి నడిస్తే, పండితుల నువ్వుగింజకు సాక్ష్యం దొరుకుతుంది."

"ఎన్నిసార్లు నడిచినా నా లెక్క తప్పదు" అన్నాడు సోమయాజి.

"నా నమ్మకమూ అదే స్వామీ."

మధ్యాహ్నం ఏటిగట్టున రాజుగారి భోజనం ఏర్పాటు చేయించింది కామసాని. నేతిబూరెల వాసన కోటగుమ్మం దాకా వచ్చింది. రాజు నూట ఎనభై ఆరు అంగల్లో ఏరు చేరాడు.

సోమయాజి భాగించాడు. "ఇరవై ఆరు అంగలు, ఒక అడుగు, ఎనిమిది అంగుళాలు, నాలుగు యవగింజలు, ఒక నువ్వుగింజ."

ఈసారి ఆవం హద్దుకు బయటే మిగిలింది.

బూరెలయ్యాక రాజు తిరిగి నడిచాడు. రెండు వందల పద్నాలుగు.

"ముప్పై అంగలు, ఒక అడుగు, ఎనిమిది అంగుళాలు..." అంటూ సోమయాజి తన ఇంటి అరుగు వైపు చూశాడు.

"ఆగారేం? నువ్వుగింజ చెక్కుచెదరలేదు. మీ అరుగే హద్దులోకి వచ్చింది" అంది కామసాని.

"అది... భోజనం చేసిన నడక కదా. ప్రభువుల అంగ కురచైంది."

"నా అంగ కురచా?" అన్నాడు రాజు.

"ఆకలికి పొడుగు, బూరెలకు కురచ, ప్రభూ" అంది కామసాని. "తమరి నడకే అటు పద్నాలుగు, ఇటు పద్నాలుగు అంగలు జరుగుతుంటే, పండితులు అందులోంచి నువ్వుగింజ ఏరారు. కొలిచిన కాలికి తెలియనిది లెక్కకు ఎలా తెలిసింది?"

"అయితే హద్దు ఎంతనాలి?" అన్నాడు రాజు.

"ముప్పై అంగలకు కాస్త అటూ ఇటూ. తమరి కాలు చెప్పింది అంతే. కాలు చెప్పని మాటకు ఆవం కూలకూడదు."

రాజు తన కాలికేసి చూద్దామనుకున్నాడు. పొట్ట అడ్డొచ్చింది. పగలబడి నవ్వాడు.

"ఆవం ఉండనీ. అరుగూ ఉండనీ. కామసానికి పళ్ళెం నిండా నువ్వులుండలు పెట్టించండి."

"ఎన్ని, ప్రభూ?" అన్నాడు సోమయాజి.

"నిండా అన్నాను కదయ్యా."

ఆ సాయంత్రమే గవరమ్మ ఆవానికి నిప్పు పెట్టింది. పొగ సోమయాజి అరుగు దాకా వచ్చింది, కాస్త అటూ ఇటూగా.