కామేశమ్మగారి జంతికల గొట్టం

రామచంద్రపురంలో కామేశమ్మగారి దగ్గరకు ప్రశ్న పట్టుకెళ్ళినవాళ్ళు జవాబుతో తిరిగి రావడం తక్కువ, ఏదో ఒక పని చేసి రావడం ఎక్కువ. సంస్కృతం టీచరుగా రిటైరైన ఆవిడ ఆదివారాలు తన సావిట్లో ఉపనిషత్తులు చెప్పేవారు. మోక్షం గురించి అడగబోయిన ఒక బ్యాంకు మేనేజరు గంటసేపు చిక్కుడుకాయల ఈనెలు తీసి ఇంటికెళ్ళాడు. ఏం తెలిసిందని భార్య అడిగితే, కూర బాగా కుదిరేట్టుందని చెప్పాడట.

ఆవిడ శిష్యుల్లో చక్రధరం అనే కాలేజీ లెక్చరరు ఒకడు. పోయిన వేసవిలో ఒకసారి ఆవిడ, మనకు ఏది అక్కర్లేదో తెలుసుకోవడం కూడా చదువేనని మాటవరసకు అన్నారు. మిగతావాళ్ళు తలలూపి, ప్రసాదం తిని, ఆ సంగతి మరచిపోయారు. చక్రధరం మాత్రం ఆ మాట పట్టుకుని తిన్నగా ఇంటి మీద పడ్డాడు. ఏసీ ఆగిపోయింది. షాంపూ పోయి కుంకుడుకాయ వచ్చింది. చిప్స్ పాకెట్లకు గడప దాటే యోగం లేకుండా పోయింది. ఇవన్నీ మంచి పనులే, ఎవరూ కాదనరు. కానీ స్నానాల గది బయట నిలబడి చెంబుల చప్పుడు లెక్కపెట్టే మనిషితో కాపురం చేయడం ఎవరికైనా కష్టమే. పైగా ఎదురింటి సువర్చల, కొడుక్కి ఉద్యోగం వచ్చిన సంతోషంలో ప్లాస్టిక్ డబ్బాలో మిఠాయి తెస్తే, ఆ డబ్బా మీద చిన్న ఉపన్యాసం ఇచ్చి మరీ తిప్పి పంపాడు. ఆ తర్వాత వాళ్ళ తలుపు తట్టినవాళ్ళు లేరు.

ఒక సెలవు రోజున అతని కూతురు పావని పుట్టినరోజు వచ్చింది. ఏం కావాలమ్మా అని పొద్దున్నే అడిగాడు.

"ఏమీ వద్దులే నాన్నా. మనింట్లో ఏమీ ఉండకూడదు కదా!" అంది పిల్ల.

కోపంగా అని ఉంటే బుజ్జగించేవాడు. అది మామూలుగా అంది. వంటింట్లోంచి భార్య వసుంధర, "అన్నీ తగ్గించేశారు, పిల్ల నవ్వుతో సహా" అంది, గిన్నె కాస్త గట్టిగా దించుతూ. చక్రధరం కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాడు. పిల్లను వెంటబెట్టుకుని గురువుగారింటికి నడిచాడు.

కామేశమ్మగారు వంటింట్లో పీట వేసుకుని బియ్యప్పిండి జల్లిస్తున్నారు. అతను గుమ్మంలోనే గోడు వెళ్ళబోసుకున్నాడు.

"అమ్మా, మీరు చెప్పినట్టే చేశాను. కరెంటు తగ్గింది, నీళ్ళు తగ్గాయి, చెత్త తగ్గింది. ఇంట్లో సంతోషం కూడా తగ్గిపోయింది. ఎక్కడ పొరపాటు చేశానో చెప్పండి."

"పాప పుట్టినరోజా? అయితే జంతికలు చేద్దాం," అన్నారావిడ, పిండి మీంచి తల ఎత్తకుండా. "నా గొట్టం పట్టుకురా."

"ఎక్కడుందమ్మా?"

"మీ వీధిలోనే. నీ ఇల్లు తప్ప అన్నిళ్ళూ తిరుగుతోంది."

బజారులో కొత్తది దొరుకుతుందనీ, క్షణంలో తెచ్చేస్తాననీ అన్నాడు చక్రధరం. "నువ్వు కొనడం మానేశావన్నారే!" అని ఆవిడ నవ్వేసరికి చెవులు ఎర్రబడి, పిల్ల చెయ్యి పట్టుకుని వీధిలోకి వచ్చాడు.

మొదట మలుపులో ఉన్న జైనబ్బీ ఇంటికి వెళ్ళారు. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు ఆవిడే ఆ గొట్టంతో జంతికలు చేసింది. "గొట్టం సువర్చలమ్మ పట్టుకెళ్ళింది తమ్ముడూ. చిల్లుల బిళ్ళ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది, ఉండు," అంటూ లోపలికెళ్ళి బిళ్ళ తెచ్చింది. పుట్టినరోజని తెలిసి, వట్టి చేత్తో పంపిస్తే బాగుండదని పావని గుప్పిట నిండా ఖర్జూరాలు పోసింది. అంతటితో ఆగక, నేనూ వస్తాను పదండి, పిండి ఎవరు కలుపుతారు అని చెప్పులేసుకుంది.

సువర్చల పేరు వినగానే చక్రధరం నడక నెమ్మదించింది. ఆవిడ గేటు ముందు నిలబడి, జేబులో ఏదో వెతుక్కుంటున్నట్టు నటించాడు. పావని ఊరుకోకుండా గంట కొట్టింది. తలుపు తీసిన సువర్చల అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"గొట్టం కోసమా అన్నయ్యగారూ? ఇత్తడిదేనండి, ప్లాస్టిక్ కాదు. భయపడకుండా పట్టుకెళ్ళండి."

జైనబ్బీ నవ్వు దాచుకోవడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చక్రధరానికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది, నవ్వూ వచ్చింది. "ఆ రోజు నాది తప్పమ్మా. మిఠాయి తినేసి, డబ్బా కడిగి ఇవ్వాల్సింది," అన్నాడు. ఆవిడ ముఖం విచ్చుకుంది. లోపలికెళ్ళి గొట్టం తెచ్చింది. అడుగున గుడ్డ కట్టి, గొట్టం నిండా నువ్వులు పోసింది. "ఖాళీగా ఎలా ఇస్తామండీ!" అని తనూ బయల్దేరి, దారిలో వసుంధరను కూడా కేకేసి తీసుకొచ్చింది.

మధ్యాహ్నానికి కామేశమ్మగారి వంటిల్లు ఇసకేస్తే రాలనట్టుంది. పిండి కలపడం జైనబ్బీ వంతు, మూకుడు దగ్గర సువర్చల. గొట్టం నొక్కే పని చక్రధరానికి పడింది. పళ్ళు బిగబట్టి నొక్కితే మొదటి జంతిక సగం చుట్టు తిరిగి, తెగి, కింద ఒక చుక్క రాలింది.

"నాన్నా, ఇది ప్రశ్న గుర్తు!" అంటూ పావని పడీపడీ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. వసుంధర కూడా నవ్వుతూ, గొట్టం ఎలా పట్టుకోవాలో చూపించడానికి అతని పక్కన పీట లాక్కుంది. ప్రశ్న గుర్తును వేయించి పిల్లకే ఇచ్చారు. కరకరలాడుతూ బాగానే ఉంది.

సాయంత్రం అందరూ స్టీలు డబ్బాల్లో జంతికలు సర్దుకుని బయల్దేరారు. చక్రధరం గొట్టాన్ని బూడిదతో తళతళలాడేలా తోమి తుడిచి, గురువుగారి దగ్గరకు తెచ్చాడు.

"అమ్మా, దీన్ని అటక మీద పెట్టమంటారా?"

"అటక మీద ఉంటే నాకొక్కదానికే సరిపోతుందయ్యా," అన్నారు కామేశమ్మగారు. "ఈసారి మీ ఇంట్లో ఉండనీ. అడగడానికి ఎవరో ఒకరు వస్తారు. తలుపు తీసి ఉంచు."