ఎనిమిదో వేలు

అనగా అనగా, కొండలకు ఇంకా ఎవరూ వెల కట్టని కాలం ఒకటి ఉండేదట. ఆ కాలం ముగిసిన మర్నాడు మొదలైంది ఈ కథ.

సుమంతపురం రాజ్యంలో ఊటకొండ అనే కొండ ఉండేది. కొండ నిండా అడవి. అడవి కింద ఏడు పల్లెలు. కొండ కొసన రాతి పగుళ్ళలో ఒక ఊట పుట్టి, వాగై దిగి, ఏడు పల్లెల మడుల్లో పారేది. ఆ అడవిలో ఎలుగులకు గుహలున్నాయి, అలుగులకు బొరియలున్నాయి, తేనెపట్టులకు చరియలున్నాయి. లేనిది ఒక్కటే, యజమాని.

ఆ పల్లెల్లో ఈరమ్మ అనే తేనె తీసే మనిషి ఉండేది. వయసు పాతికేళ్ళు. నోరు పెద్దది, గుండె అంతకన్నా పెద్దది. ఆమెకు కోపం వస్తే తేనెటీగలే పక్కకు తప్పుకుంటాయని జనం నవ్వుకునేవారు.

ఒకనాడు దండోరా వినబడింది.

"వినండహో! ఊటకొండ అడవి షావుకారు మణిదత్తుడిది! గుర్రాలిచ్చినందుకు రాజుగారు రాసిచ్చారు! కార్తీకం వెళ్ళగానే గొడ్డళ్ళు దిగుతాయి! అంతలోగా కొనదలచినవాళ్ళు కొనుక్కోవచ్చహో!"

పల్లెలు గొల్లుమన్నాయి. పక్కనున్న నల్లకోనను నరికిన మూడో ఏడే అక్కడి వాగు ఇసుకయింది. అక్కడివాళ్ళు కుండలు నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోవడం ఈరమ్మ కళ్ళారా చూసింది. వాళ్ళలో ఆమె మేనత్త కూడా ఉంది. వెళ్ళినామె మళ్ళీ కనబడలేదు.

పెద్దలు వెళ్ళి రాజుగారి కాళ్ళ మీద పడ్డారు. "ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేను. కావాలంటే కొనుక్కోండి, పత్రం నా సభలోనే రాయిస్తాను" అన్నాడు రాజు.

ఆ మాట విని ఈరమ్మ భగ్గున మండింది. "గాలిని కన్నదెవరు? వానను నాటిందెవరు? మన కొండను మనమే కొనుక్కోవాలా?"

"అరుపులకు కొండలు కరుగుతాయా అమ్మీ?" అన్నాడు గవరయ్య తాత. పొలాల హద్దులకు తాడు పట్టి పట్టి ముసలివాడైన మనిషి ఆయన.

ఈరమ్మ కోపాన్ని కుంపట్లో నిప్పులా బూడిద కింద దాచుకుంది.

"సరే తాతా, కొందాం. కొని, ఇంకెవ్వరూ అమ్మలేని అడవిగా చేద్దాం. గొడ్డలి దిగని అడవి, వల పన్నని అడవి. దానికి అభయారణ్యమని పేరు పెడదాం."

ఏడు పల్లెల ఆడవాళ్ళూ కడియాలు తీశారు. మగవాళ్ళు మొలతాళ్ళు తీశారు. వెండంతా కరిగించి అమ్మితే నాలుగు వందల వరహాలయ్యాయి. బేరానికి ఈరమ్మను ముందుపెట్టారు.

బేరం సుమంతపురం పశువుల సంతలో జరిగింది. అక్కడ ఎద్దును కొన్నా, ఏరును కొన్నా ఒకటే పద్ధతి. కొనేవాడూ అమ్మేవాడూ ఒక తుండుగుడ్డ కింద చేతులు కలుపుతారు. వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. ఒక వేలంటే ఒక వంద. చిటికెన వేలు విడిగా నొక్కితే అది మధ్యవర్తి వాటా. నొక్కిన వేలు నోటిమాటతో సమానం. నొక్కాక కాదనడానికి లేదు.

మణిదత్తుడు పట్టు ఉత్తరీయం తీసి చేతుల మీద కప్పాడు. ఆయన మనసు కొండ మీది చెట్ల మీద లేదు. కొండ కొసన ఉన్న నల్లరాతి మీద ఉంది. చెట్లు పోతే పోనీ, ఆ రాయి తనకు మిగిలితే కోటలకూ మేడలకూ అమ్ముకోవచ్చు. దానికి ముందు ఈ పిల్ల నోరు మూయించాలి. పల్లెలు నాలుగు వందలు పోగుచేసిన సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది.

గుడ్డ కింద ఆయన ఈరమ్మ మూడు వేళ్ళు గుప్పిట పట్టాడు. తర్వాత చిటికెన వేలిని మెత్తగా నొక్కాడు.

ఈరమ్మకు తేనెటీగ కుట్టినట్టయింది. నాలుగు వందల్లో మూడు నాకు, ఒకటి నీకు. ఊళ్ళో నాలుగిచ్చానని చెప్పు. అదీ ఆ వేళ్ళ భాష.

"ఏమంటావమ్మీ?" అని పైకి తియ్యగా అడిగాడు షావుకారు.

ఈరమ్మ ఎడమ చేత్తో ఉత్తరీయాన్ని ఒక్క లాగు లాగింది. సంతంతా తిరిగి చూసింది. షావుకారు గుప్పిట్లో ఆమె వేళ్ళు మూడు. ఆయన బొటనవేలు ఆమె చిటికెన వేలి మీద.

"అయ్యలారా, చూడండి! అడవి ధర మూడు వందలట! ఈ చిటికెన వేలు నాకు లంచమట!"

"గుడ్డ తీయడమేమిటి? సంత పద్ధతి కాదిది!" అని గింజుకున్నాడు షావుకారు.

"గుడ్డ తీయకూడదని ఏ సంతలో ఉంది? నొక్కిన వేలు కాదనకూడదని మాత్రం ఉంది" అన్నాడొక ఎద్దుల బేరగాడు మీసం దువ్వుకుంటూ. "మూడు నొక్కారు. మూడుకే ఇవ్వాలి షావుకారుగారూ. కావాలంటే ఆ చిటికెన వేలు మీరే ఉంచుకోండి."

సంత ఘొల్లున నవ్వింది. చాటున చెప్పిన ధరే చాటింపయింది. మూడు వందలకు బేరం కుదిరింది.

ఇక హద్దులు తొక్కాలి. అమ్మేవాడు ముందు నడవాలి, కొనేవాడు వెనక నడవాలి. అమ్మేవాడి పాదం చుట్టివచ్చినంత మేరే అమ్మకం. గవరయ్య తాత ఆ పాదముద్రల మీద రాళ్ళు పేర్చుకుంటూ వచ్చాడు.

షావుకారు ఎక్కివచ్చిన పల్లకి అడవి మొదట్లోనే ఆగిపోయింది. పొదల్లో పల్లకికి దారెక్కడిది? బోయీలు అక్కడే కూలబడ్డారు. మణిదత్తుడు పుట్టిన తర్వాత మొదటిసారి బోయీలు లేకుండా తన కాళ్ళతో నడిచాడు. ఉత్తరేణి గింజలు పంచెకు అంటుకున్నాయి. జలగలు పిక్కలు పట్టుకున్నాయి. ఒక ఎలుగు పుట్ట తవ్వుతూ తలెత్తి తుమ్మితే, ఆయన గవరయ్య తాతను వాటేసుకున్నాడు.

"భయం లేదు బాబూ. అది ఇల్లమ్మినవాణ్ణి చూడ్డానికొచ్చింది" అన్నాడు తాత.

నడుస్తూ తాత వేళ్ళు ముడుస్తూ ఏదో గొణుక్కుంటున్నాడు. "అదేం పాట తాతా?" అంది ఈరమ్మ.

"పాట కాదమ్మీ, అష్టభోగాలు. భూమి కొంటే దాంతోపాటు వచ్చే ఎనిమిది హక్కులు. నిధి, నిక్షేపం, అంటే భూమిలో దాగిన ధనం, దాచిన ధనం. జలం, నీళ్ళు. పాషాణం, రాళ్ళు. అక్షీణం, తరగనిది. ఆగామి, రాబోయేది. సిద్ధం, ఉన్నది. సాధ్యం, చేసుకోగలిగేది. నాకు చదువు రాదు. వేళ్ళే నాకు పుస్తకం."

ఈరమ్మ కూడా వేళ్ళు ముడుచుకుంటూ నడిచింది. ఎనిమిది ముడిస్తే రెండు మిగిలాయి.

పొద్దెక్కేసరికి కొండ కొస కిందికి చేరారు. అక్కడ మణిదత్తుడు ఒక బండ మీద చతికిలబడ్డాడు.

"నా మోకాళ్ళు పట్టేశాయి. పైకి రాలేను. హద్దు ఇక్కడినుంచే తిప్పేద్దాం. ఆ బోడిరాళ్ళు మీకెందుకు?"

ఊట ఆ రాళ్ళలోనే ఉంది! నోటిదాకా వచ్చిన తిట్టును మింగి, ఈరమ్మ కూడా ఎదురుగా కూర్చుంది. ఎండ నడినెత్తికొచ్చింది. షావుకారు నీటితిత్తి ఖాళీ అయింది. ఆయన నాలుక పిడచకట్టింది.

"అమ్మీ, గుక్కెడు నీళ్ళు."

"నీళ్ళు పైన ఊటలో ఉన్నాయి షావుకారుగారూ."

"వెళ్ళి తే మరి!"

"అమ్మమ్మో! హద్దు కిందనే తిప్పేశారుగా? అంటే పైనున్న ఊట మీదే. మీ నీళ్ళు నేను ముట్టుకుంటే దొంగతనం కాదూ? మీ సొత్తు, మీరే వెళ్ళి తాగండి."

షావుకారు అటు చూశాడు, ఇటు చూశాడు. బోయీలు రెండు కోసుల దూరంలో ఉన్నారు. పైనుంచి నీళ్ళ చప్పుడు వినబడుతోంది. మోకాళ్ళు పట్టేసిన మనిషి కోతిలా ఎగబాకాడు. వెనకే ఈరమ్మ, ఆమె వెనక రాళ్ళు పేరుస్తూ తాత.

ఊట దగ్గర ఈరమ్మ మోదుగాకు దొప్ప చేసి అందించింది. ఆయన దొప్ప మీద దొప్ప తాగాడు. అంత చల్లని నీళ్ళు ఆయన రాజుగారి విందులోనూ తాగలేదు. దాహం తీరాక గానీ తన కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకోలేదు. తన పాదముద్ర కొండ కొసన తడిగా మెరుస్తోంది. దాని మీద గవరయ్య తాత నిదానంగా ఒక రాయి పెడుతున్నాడు.

"తొక్కారు బాబూ. సంతోషం" అన్నాడు తాత.

మూడోనాడు రాజసభలో పత్రం రాశారు. ఏడు పల్లెలూ బారులు తీరి నిలబడ్డాయి. లేఖకుడు గొంతు సవరించుకుని చదివాడు. తూర్పు హద్దు, దక్షిణం హద్దు, పడమర, ఉత్తరం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. జనం ఊపిరి పీల్చుకున్నారు.

"...నిధి, నిక్షేప, జల, అక్షీణ, ఆగామి, సిద్ధ, సాధ్యములనెడి సమస్త భోగములతో..."

ఈరమ్మ వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి. లేఖకుడు ఆగాడు. ముడుచుకున్నవి ఏడు. ఎనిమిదో వేలు నిటారుగా నిలబడే ఉంది.

రాజముద్ర వేయడానికి లక్క కరుగుతోంది.

"ఆగండి!" అంది ఈరమ్మ.

"నోరుముయ్యి తల్లీ, రాజసభ ఇది" అని ఒక పల్లెపెద్ద చెయ్యి పట్టి లాగాడు. "అడవి వచ్చింది, ఊట వచ్చింది. ఇప్పుడు రాజుగారికి కోపం తెప్పిస్తావా?"

ఆ క్షణం ఈరమ్మకు భయం వేసింది. తను లెక్క తప్పిందేమో. చదువుకున్న లేఖకుడి ముందు తనెంత? కానీ వేలు అబద్ధమాడదు. అది అలాగే నిలబడి ఉంది. కుండలు మోసుకుని వెళ్ళిపోయిన మేనత్త కళ్ళముందు మెదిలింది. చెయ్యి విడిపించుకుని ముందుకొచ్చింది.

"మహారాజా! నాకు అక్షరం రాదు. కానీ వేళ్ళున్నాయి. అయ్యవారు ఏడే చదివారు. నా ఎనిమిదో వేలు ఎవరు తిన్నారు?"

రాజు చెయ్యి చాచి పత్రం తీసుకున్నాడు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు.

"పాషాణం లేదే! ఏమయ్యా లేఖకుడా?"

లేఖకుడు షావుకారు వైపు చూశాడు. ఆ చూపే సాక్ష్యం.

మణిదత్తుడు నవ్వబోయాడు. "మహాప్రభూ, వీళ్ళు చెట్టు కొట్టరట, రాయి కొట్టరట. కొట్టనివాళ్ళకు రాళ్ళెందుకు? అవి నాకు మిగిలితే వీళ్ళకేం నష్టం?"

"రాయి తీస్తే కొండ పోతుంది. కొండ పోతే ఊట పోతుంది. ఊట పోతే వాగు, వాగు పోతే మేము!" అంది ఈరమ్మ. ఆమె గొంతు సభా స్తంభాలకు తగిలి మోగింది. "తల్లిని అమ్మి, ఎముకలు మాత్రం నాకుంచమంటున్నాడీయన! ఆ పద్ధతి మాకొద్దు. అమ్మితే ఎనిమిదీ అమ్మాలి. లేదా అందరి ముందూ చెప్పాలి, నేను మోసగాణ్ణని!"

రాజు ముఖం ఎర్రబడింది. లేఖకుడి చేతిలోంచి గంటం లాక్కుని, తన చేత్తోనే పాషాణమని రాశాడు. ముద్ర వేయబోయి ఆగాడు. లేఖకుణ్ణి ఆస్థానంలోంచి పంపేయమన్నాడు. మణిదత్తుడికి ఇచ్చిన తక్కిన కొండల పత్రాలన్నీ సభలో మళ్ళీ చదివించమన్నాడు.

తర్వాత ఈరమ్మ వైపు తిరిగాడు. "ఎనిమిది భోగాలూ నీవాళ్ళవయ్యాయి. కొట్టరు, తవ్వరు, అమ్మరు. మరి వీటిని అనుభవించేదెవరు? ఎవరి పేరు రాయను?"

ఈరమ్మ తన చేతుల వైపు చూసుకుంది. ముడిచిన వేళ్ళను ఒక్కొక్కటే విప్పింది.

"నిధి అలుగుది మహారాజా, తవ్వుకునేది అదే కదా. నిక్షేపం ఉడుతది, గింజలు దాచేది అదే. జలం వాగుది. రాయి కొండది. తరగనిదీ, ఉన్నదీ, చేసుకోగలిగేదీ అడవివే. మాకు ఒక్కటి చాలు, ఆగామి. రాబోయేది. దాన్ని ఇంకా పుట్టని పిల్లల పేర రాయండి. వాళ్ళు వచ్చి సంతకం పెట్టేదాకా ఈ అడవిని ఎవరూ అమ్మలేరు."

రాజు అలాగే రాశాడు. ముద్ర పడింది. సభ బయట ఏడు పల్లెల డప్పులూ ఒక్కసారి మోగాయి. గవరయ్య తాత కర్ర పారేసి చిందేశాడు. మిగిలిన వంద వరహాలతో అడవికి కావలివాళ్ళను పెట్టారు. షావుకారు గొడ్డళ్ళు తుప్పుపట్టాయి. ఊటకొండ మీద తేనెపట్టులు మరుసటి ఏటికి రెట్టింపయ్యాయి.

ఆ ఎండాకాలం మణిదత్తుడి బండ్ల ఎద్దులు కూడా ఆ వాగులోనే నీళ్ళు తాగాయి. ఎవరూ వద్దనలేదు. ఈరమ్మ మాత్రం గట్టు మీద నిలబడి, ఆయనకు కనబడేలా ఎనిమిది వేళ్ళు ఎత్తి చూపించి నవ్వింది.

కథ వాగు వెంట వెళ్ళింది, మనం ఇంటికొచ్చాం.

నీతి: గుడ్డ కింద జరిగే బేరంలో అన్యాయం దాక్కుంటుంది, చివరి వేలు ముడుచుకునేదాకా నలుగురి ముందు నిలదీసినవాళ్ళకే హక్కు దక్కుతుంది.