పాక కప్పు మీద దొంగదగ్గు

పట్నం చివర, చెత్తదిబ్బకు ఆనుకొని ఒక గేదెల పాక. అందులో ఉండే, రంగురంగుల ఈకల కక్కెర కోడిపెట్ట అంటే నక్కకు ఒళ్ళుమంట. ఎంత నక్కి నక్కి వచ్చినా, రెక్కలొస్తున్న పిల్లలతో సహా రివ్వున పాక కప్పు ఎక్కేసేది. నక్క కింద నిలబడి గుటకలు మింగాల్సిందే.

అలాంటి నక్క కంట ఒక సంగతి పడింది. చెత్త తగలబడ్డ పూట కోడిపిల్లలు నోళ్ళు తెరుచుకొని ఎగశ్వాస తీస్తున్నాయి, మోకాలెత్తు కూడా ఎగరలేకపోతున్నాయి. ఇంకేం, ఓ చలికాలపు తెల్లవారుజామున దిబ్బలోని నివురుగప్పిన నిప్పు కెలికి, పాత టైరొకటి దాని మీదికి దొర్లించింది. పొమ్మనలేక పొగబెట్టడం విన్నాం గానీ, దించుకు తినడానికి పొగబెట్టడం ఆ నక్కకే చెల్లింది.

పాకలోకి పొగ రాగానే పెట్ట హడలిపోయి పిల్లల్ని పరుగు పెట్టించబోయింది. పట్నం రోడ్ల మీద బండి లాగి లాగి ముసలిదైన ఎద్దు అడ్డొచ్చింది.

"ఆగవే తల్లీ. పొగ రోగం ఎప్పుడో ముసలితనంలో వస్తుందనుకుంటున్నావా? ఇవాళ పీలిస్తే ఇవాళే పట్టేస్తుంది. ఛాతీ బిగుస్తుంది, గుండె దడదడలాడుతుంది. కండ ఉన్నవాడికైనా అంతే. ఈ పూట పరుగు పనికిరాదు."

అని, పిల్లల్ని ఒక్కొక్కటిగా మూపురం మీద ఎక్కించుకొని, గాలి వచ్చే వైపు కప్పుకు అందించింది. చలికి పొగ నేలనే పట్టుకుంది, పైన కాస్త తేటగానే ఉంది. అయినా వాటి వెంటే పైకెక్కిన పెట్టకు ప్రాణం కుదుటపడలేదు. ఆఖరి పిల్ల బొట్టి డొక్కలెగరేస్తోంది. జారిందంటే నేరుగా నక్క నోట్లోకే.

నక్క రానే వచ్చింది. "ఏం వదినా, ఊపిరాడటం లేదా? దిగిరా, పడుకుందువుగాని."

పెట్ట ఖళ్ళుఖళ్ళున దగ్గింది. "కాళ్ళు నిలవడం లేదు బావా. ఎటు పడతానో నాకే తెలీదు. నువ్వే కాస్త పట్టుకో."

నక్క పొంగిపోయి పెట్ట ఉన్న చూరు కిందికి ఉరికింది. పెట్ట మెల్లగా అవతలి చూరుకు నడిచి అక్కడ దగ్గింది. నక్క అటు ఉరికింది. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. నోరు తెరుచుకొని పొగలో పాక చుట్టూ తిరుగుతూనే ఉంది. ఇంకో దగ్గు, ఇంకో చుట్టు, అంతే పడిపోతుందని దాని ఆశ. పొగ తన ముక్కులోకీ పోతుందన్న ఇంగితం మాత్రం లేకపోయింది.

తెల్లారింది. పాలబండి వెంట రోజూ వచ్చే కుక్కలు వచ్చాయి. మామూలుగా అయితే వాటికి దుమ్ము తప్ప ఏమీ దొరకనిచ్చేది కాదు నక్క. ఇవాళ పరుగు తీయబోతే ఛాతీ పట్టేసింది, కాళ్ళు వణికాయి. తోక సగం కుక్కలకు వదిలేసి, దగ్గుకుంటూ ముళ్ళకంపలో పడింది.

పెట్ట బొట్టిని రెక్క కిందికి లాక్కొని తీరిగ్గా చెప్పింది. "నాది దొంగదగ్గు బావా. నీదే నిజం."

నీతి: పరాయి ఊపిరికి పొగబెట్టినవాడికి పీల్చడానికి వేరే గాలి ఉండదు.