ఆలస్యంగా వచ్చే గులాబీ రంగు

నాగరత్నకు గులాబీ రంగు ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది.

ఫ్లాస్కులో ఆమ్లం, పైన గీతలు గీసిన గాజుగొట్టం, బ్యూరెట్టులో క్షారం. చుక్క చుక్కగా వదులుతుంటే ఒక చుక్క దగ్గర ఫ్లాస్కులోని నీళ్ళలాంటి ద్రవం లేత గులాబీ రంగుకు తిరిగి, అట్లాగే నిలబడిపోవాలి. ఎవరో పిలిస్తే చెంప ఎర్రబడినట్టు, అంత లేతగా. తోటి పిల్లలకు సరైన గీత దగ్గరే నిలబడేది. రత్నకు మాత్రం ఆ గీత దాటి, ఇంకా కిందికి పోయాక గానీ వచ్చేది కాదు. వాళ్ళు ఆమెకు లేటు గులాబీ అని పేరు కూడా పెట్టేశారు.

మర్నాడే ప్రాక్టికల్ పరీక్ష. పోయినేడు ఇందులోనే తప్పింది. ఈసారీ తప్పితే చదువు చాలించి, పిన్నమ్మతో పాటు పత్తి మిల్లుకు పోవాలని ఇంట్లో అనేశారు. ఆ మిల్లు గోడ కాలేజీ ల్యాబు కిటికీలోంచి కనపడేది. రత్న అటు చూడకుండా ఉండాలని ఎంత అనుకున్నా కళ్ళు అటే పోయేవి.

అందరూ వెళ్ళిపోయారు. కరెంటు లేదు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము కూడా కదలడం లేదు. దస్తగిరి మాస్టారు స్టూలు మీద కూర్చుని వాచిన పాదాలు చెప్పుల్లోంచి బయటికి తీసి పెట్టుకున్నారు. పొద్దున్నించీ చెప్పి చెప్పి ఆయన గొంతు బొంగురుపోయింది. ఇంటికి పొమ్మని రత్నతో ఆయన అనలేదు. ఉండమనీ అనలేదు.

రత్న మళ్ళీ చేసింది. గీత దాటింది. ఇంకోసారి చేసింది. మళ్ళీ దాటింది. చేతులు లాగుతున్నాయి.

"నాకు రాదులే సార్," అంది. కోపంగా కాదు, అలిసిపోయి.

మాస్టారు మెల్లిగా లేచి వచ్చారు. ఇంకోసారి మొదలుపెట్టు, చూస్తానన్నారు.

రత్న బ్యూరెట్టును క్షారంతో తొలిచింది. ఆమ్లం కొలిచి పోసే పిపెట్టును ఆమ్లంతో తొలిచింది. తర్వాత ఫ్లాస్కు తీసుకుని దాన్ని కూడా ఆమ్లంతోనే శుభ్రంగా తిప్పి తిప్పి తొలిచి, పారబోసింది. ఎవరూ చెప్పకపోయినా ఇంకోమారు తొలిచింది.

మాస్టారు చెయ్యి చాపారు. ఆమె ఫ్లాస్కు ఇచ్చింది. ఆయన దాన్ని తీసుకుని కుళాయి దగ్గరికి నడిచారు.

ఎందుకో అప్పుడు రత్నకు చెప్పాలనిపించింది. పోయినేడు పరీక్షలో తన ఫ్లాస్కు తడిగా ఉంది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, ఇదేమైనా వంటింటి గిన్నె అనుకున్నావా అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు కంగారుగా బ్యూరెట్టు మర తిప్పితే చుక్కకు బదులు ధార పడింది. అంతే, పోయింది. అప్పటినుంచీ తాను ఫ్లాస్కులో ఒక్క నీటిబొట్టు కూడా ఉండనివ్వకుండా ఆమ్లంతోనే తొలుస్తోంది. ఆ మాట అన్నప్పుడు ఆ ఎగ్జామినరు మొహం ఎట్లా ఉందో, ఎవరెవరు నవ్వారో, ఏ బెంచీ దగ్గరో...

ఆమె చెబుతూనే ఉంది. మాస్టారు ఫ్లాస్కును కుళాయి కింద పట్టి, నీళ్ళు తిప్పి పారబోశారు. మళ్ళీ పట్టి, మళ్ళీ పారబోశారు. చివర్న సీసాలోని శుద్ధి చేసిన నీళ్ళతో ఒకసారి తొలిచి, గోడల వెంట బొట్లు జారుతున్న ఫ్లాస్కును ఆమె చేతిలో పెట్టారు.

రత్న మాట ఆగిపోయింది. "తడిగా ఉంది సార్."

"ఉండనీ అమ్మీ. కొలిచి పోసిన ఆమ్లాన్ని నీళ్ళు పెంచవు, తగ్గించవు. పారబోసినాననుకుంటావే, ఆ ఆమ్లం లోపల గోడకు అంటుకొనుంటాదే, అదీ లెక్కలో కలిసేది, అందుకే నీకు రంగు లేటు."

రత్న తడి ఫ్లాస్కును బెంచీ మీద పెట్టింది. తర్వాత పిపెట్టుతో ఆమ్లం కొలిచి పోసింది. రంగు చూపించే మందు రెండు చుక్కలు వేసింది. బ్యూరెట్టు కింద పెట్టి, వదలడం మొదలుపెట్టింది.

మాస్టారు ఆమె వైపు చూడలేదు. కిటికీ దగ్గర నిలబడి, పాదాలు మళ్ళీ చెప్పుల్లోకి దూర్చడానికి అవస్థపడుతున్నారు.

ఒక చుక్క. ఇంకో చుక్క. గులాబీ రంగు వచ్చి, మాయమైంది. మళ్ళీ వచ్చింది. ఈసారి పోలేదు. రత్న వంగి బ్యూరెట్టు గీత చూసింది. సరిగ్గా రావాల్సిన చోటే ఉంది.

"నిలబడింది సార్," అంది చాలా మెల్లిగా, గట్టిగా అంటే చెదిరిపోతుందేమో అన్నట్టు.

మాస్టారు తల ఊపారు. తలుపు దాకా పోయి ఆగారు.

"ఇందాక ఏందో చెప్తాంటివి కదా అమ్మీ, పోయినేడు సంగతి. ఎవరో నవ్వినారని. ఎవరు వాళ్ళు?"

రత్న చేతిలో ఆ లేత రంగు కిటికీ వెలుతురుకు కదులుతూ ఉంది.

"ఏమీ లేదులే సార్," అంది.

ఫ్లాస్కు పట్టుకుని కుళాయి దగ్గరికి నడిచింది.