మద్దిచెట్టు మీద పదిహేను గీతలు

అనగనగా ఒక పెద్ద అడవి. ఆ అడవి మధ్యలో ఒక గుట్ట. గుట్ట కింద ఒక గుహ. ఆ గుహలో నేరేడు అనే ఎలుగుబంటి ఉండేది. నేరేడుపండులా నల్లగా నిగనిగలాడేది కాబట్టి ఆ పేరు పెట్టారు.

నేరేడు బాగా లావు. బాగా అంటే, గుహలోంచి బయటికి రావాలంటే ముందు ఎడమపక్కకి ఒదిగి, తర్వాత కుడిపక్కకి ఒదిగి, ఆ తర్వాత ఊపిరి బిగబట్టాలి. ఒరేయ్, ఎవరది నవ్వుతున్నది? నవ్వేవాళ్ళకి కథ లేదు. లావుగా ఉండటం నేరమేం కాదు. బుద్ధిగా కూర్చుని వినండి.

దాని గుమ్మం ముందే ఇప్పచెట్టు. తెల్లారేసరికి కింద పూలు పరుచుకుని ఉండేవి. చెయ్యి చాపితే ఫలహారం. పక్కనే చెదలపుట్ట, వెనకే తేనెపట్టు, నాలుగడుగులు వేస్తే వాగు. ఇక నడవాల్సిన అవసరం ఏముంది చెప్పండి? అందుకే నేరేడు నడిచేది కాదు.

కానీ ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎండలు ముదిరితే వాగు ఎండిపోతుంది. వాగు ఆగిన రోజున జంతువులన్నీ గుట్ట మీదున్న ఊట దగ్గరికి వెళ్ళిపోతాయి. మళ్ళీ వానలు పడేదాకా అక్కడే కాపురం. గుట్ట ఎక్కే దారికి ఏడు మలుపులు.

కిందటేడు నేరేడు రెండో మలుపు దాకా ఎక్కింది. కళ్ళు తిరిగాయి, గుండె దడదడలాడింది, దిగొచ్చేసింది. వేసవంతా గేదెలు పొర్లిన గుంటలో బురదనీళ్ళు తాగి, కడుపునొప్పితో మూలిగి మూలిగి, ఏదో బతికి బట్టకట్టింది. ఎలుగుబంటికి బట్టేమిటని అడక్కండి, మాటవరసకి అన్నాను.

అది కిందటేటి మాట. ఈ ఏడు నేరేడుకి ఒక పిల్ల పుట్టింది. పేరు రేగి. గుప్పెడంత ఉండేది. ఎలుగుబంట్లు పిల్లల్ని ఎలా తిప్పుతాయో తెలుసా? వీపు మీద ఎక్కించుకుంటాయి. పిల్ల తల్లి బొచ్చు గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. రేగి కూడా అలాగే పొద్దస్తమానం అమ్మ వీపు మీదే ఉండేది.

ఒకరోజు నేరేడు వాగు వైపు చూసింది. అప్పుడే నీళ్ళు మోకాలి కిందికి దిగాయి. దాని గుండె గుభేలుమంది.

"నేనంటే బురదనీళ్ళు తాగి బతికాను. ఈ పసిగుడ్డు బతుకుతుందా? వాగు ఆగేలోపు నేను గుట్ట ఎక్కగలగాలి. దీన్ని మోసుకుని ఎక్కగలగాలి!" అనుకుంది.

అనుకుంది సరే, ఎలా మొదలుపెట్టాలో తెలియదు. ఎవరినైనా అడుగుదామనుకుంది. ముందుగా చెంగి అనే జింక కనపడింది.

"నడక ఏం నడకక్కా? పరుగెత్తాలి! నా వెనకాలే గెంతుతూ రా!" అంది చెంగి.

నేరేడు రేగిని గుహలో పడుకోబెట్టి చెంగి వెనకాల గెంతింది. ఒక గెంతు, రెండు గెంతులు, మూడో గెంతుకి మోకాలు కలుక్కుమంది. వెనక్కి తిరిగి చూడటానికి కూడా చెంగికి తీరిక లేదు, అది ఎప్పుడో మలుపు దాటిపోయింది. నేరేడు మూడు రోజులు కాలు చాపుకుని కూర్చుంది.

తర్వాత కొమ్మయ్య అనే కొండముచ్చు వచ్చాడు.

"వదినా, ఒళ్ళు కరగాలంటే ఊగాలి! ఇదిగో, ఈ కొమ్మ పట్టుకో!" అన్నాడు.

నేరేడు పట్టుకుంది. కొమ్మ ఫెళ్ళుమంది. పడటం మెత్తటి ఆకుల మీదే పడింది గానీ, చెట్టు మీదున్న కొండముచ్చులన్నీ పొట్టలు పట్టుకుని నవ్వాయి. ఆ నవ్వే ఎక్కువ నొప్పి పుట్టించింది పాపం.

మూడోవాడు గుంటయ్య. నక్క. వాడొచ్చి గొంతు తగ్గించి మరీ చెప్పాడు.

"అమ్మాయ్, ఇవన్నీ దండగ. తిండి మానెయ్యి, అంతే. ఆ ఇప్పపూల సంగతి అంటావా, నేను చూసుకుంటాలే!"

చూసుకున్నాడు, బ్రహ్మాండంగా చూసుకున్నాడు. పూలన్నీ వాడి పొట్టలోకి పోయాయి. నేరేడు రెండు రోజులు కడుపు మాడ్చుకుంది. మూడోరోజు రేగి పాలకోసం వచ్చి, పాలు రాక, గుక్కపట్టి ఏడ్చింది. అప్పుడు చూడాలి నేరేడు కోపం! "పోతావా లేదా ఇక్కణ్ణించి!" అని ఒక్క గర్జన గర్జించింది. గుంటయ్య మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు.

నేరేడు కడుపునిండా తిని, రేగికి పాలిచ్చి, వాగు ఒడ్డున కూర్చుని ఏడ్చింది. నీళ్ళు ఇంకాస్త తగ్గాయి.

"ఎవరే అది, నా స్నానం నీళ్ళలో ఉప్పు కలుపుతున్నది?" అని ఒక గొంతు వినపడింది.

చూస్తే ఏనుగు దొడ్డమ్మ. ఆ అడవిలో అందరికంటే పెద్దావిడ. అందరూ ఆవిణ్ణి దొడ్డమ్మ అనే పిలిచేవారు. నేరేడు వెక్కుతూనే జరిగిందంతా చెప్పింది.

దొడ్డమ్మ విని, "అదేం చోద్యమే! నేను నీకు పదింతలుంటాను. నేను గెంతడం ఎప్పుడైనా చూశావా?" అంది.

"లేదు దొడ్డమ్మా."

"కొమ్మకి వేలాడటం చూశావా?"

ఏడుపులోనే నేరేడుకి నవ్వొచ్చింది. "లేదు దొడ్డమ్మా."

"తిండి మానడం చూశావా?"

"అసలే లేదు!"

"అయినా ఏటేటా గుట్ట ఎక్కుతున్నానా లేదా? బరువున్న ఒంటితో ఎలా నడవాలో జింకకేం తెలుసే? నన్నడగాలి గానీ!" అని దొడ్డమ్మ తొండంతో దాని వీపు నిమిరింది. "రేపు ఎండెక్కకముందే లే. పిల్లని వీపు మీద వేసుకో. పాదం మొత్తం నేలకి ఆనించి, మెల్లిగా నడువు. నడుస్తూ పిల్లకి కథ చెప్పు."

"కథా?"

"అవును, కథే. కథ చెప్పగలిగినంతసేపు నడువు. మాట రాక ఆగిపోయావనుకో, నువ్వూ ఆగు. ఊపిరి తీసుకో. మాట వచ్చాక మళ్ళీ నడువు. రెండోసారి ఆగిన చోట చెట్టుకి ఒక గీత గీసి దిగొచ్చెయ్. ఎక్కువ చెయ్యకు. మర్నాడు మళ్ళీ వెళ్ళు."

"అంతేనా?"

"అంతే. కాకపోతే ఆ 'మర్నాడు మళ్ళీ' ఉంది చూశావూ, అదే కష్టం."

మర్నాడు తెలతెలవారుతుండగా నేరేడు బయల్దేరింది. రేగి వీపు మీద ఎక్కి కూర్చుంది.

"అనగనగా ఒక నత్త. అది అత్తారింటికి బయల్దేరింది..." అని మొదలుపెట్టింది నేరేడు.

"తర్వాత?" అంది రేగి.

"దారిలో... దానికి... ఒక..." అంతే, మాట ఆగింది. నేరేడూ ఆగింది. ఊపిరి తీసుకుని మళ్ళీ నడిచింది. రెండోసారి ఆగేసరికి తునికిచెట్టు వచ్చింది. మొదటి మలుపు ఇంకా రానే లేదు! అయినా తునికిచెట్టు మీద గోటితో ఒక గీత గీసి దిగొచ్చేసింది.

రెండోరోజు ఇంకో నాలుగు చెట్లు దాటింది. అయిదోరోజు మొదటి మలుపు తిరిగింది. ఒకరోజు అకాలవాన పడి వెళ్ళలేదు, మర్నాడు వెళ్ళింది. ఒకరోజు బద్ధకం వేసింది. రేగి ఊరుకుంటేనా! "నత్త ఏమైందమ్మా? అత్తారింటికి చేరిందా?" అని చెవి పట్టుకు లాగింది. ఇక లేవక తప్పలేదు. పన్నెండోరోజుకి మూడో మలుపు వచ్చింది. అక్కడ ఒక మద్దిచెట్టు ఉంది. కిందటేడు వెనుదిరిగిన చోటు దాటిపోయిందన్నమాట! నేరేడుకి పట్టరానంత సంతోషం వేసింది. మద్దిచెట్టుకి గట్టిగా ఒక గీత గీసింది.

మర్నాడు కూడా మద్దిచెట్టు దగ్గరే మాట ఆగింది. సరే అనుకుని ఇంకో గీత గీసింది. ఆ మర్నాడూ మద్దిచెట్టే. ఆ తర్వాత రోజూ మద్దిచెట్టే. కాలు ముందుకి పడదు, కథ ముందుకి సాగదు. కథలో నత్త కూడా ఒక ముళ్ళకంప దగ్గరే ఇరుక్కుపోయింది పాపం. చూస్తూ చూస్తూ ఉండగానే పదిహేను గీతలయ్యాయి.

పైనుంచి కొమ్మయ్య చూసి, "వదినా! ఇంకో నాలుగు గీతలు గీస్తే ఆ చెట్టే పడిపోతుంది, దాని మీద కూర్చుందువుగానిలే!" అన్నాడు.

ఆ మాటతో నేరేడుకి ఉన్న ధైర్యం కాస్తా చప్పబడిపోయింది. గుట్ట దిగి గుహలోకి వెళ్ళింది. మర్నాడు లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. రేగి చెవి లాగినా లేవలేదు. అలా అయిదు రోజులు గడిచాయి. వాగులో నీళ్ళు పాదం మునిగేంతే మిగిలాయి.

ఆరోరోజు దొడ్డమ్మ గుహ ముందుకొచ్చి నిలబడింది.

"ఏమే, కథ అయిపోయిందా?"

"నావల్ల కాదు దొడ్డమ్మా. పదిహేను రోజులు అదే చెట్టు! నా ఒంటికి అంతే రాసిపెట్టి ఉంది. నా బిడ్డని నువ్వు తీసుకెళ్ళిపో. నేను ఎలాగో ఇక్కడే ఉంటాను" అని నేరేడు బావురుమంది.

దొడ్డమ్మ కసరలేదు. "పిల్లని తీసుకెళ్ళమంటే తీసుకెళ్తాను. కానీ పాలు ఎవరిస్తారే, నేనివ్వగలనా? ముందు ఒక పని చెయ్. రేగిని ఇలా నా దగ్గర దింపి, ఒక్కదానివే మద్దిచెట్టు దాకా వెళ్ళిరా" అంది.

నేరేడు కాళ్ళీడ్చుకుంటూ బయల్దేరింది. వినడానికి ఎవరూ లేరు కాబట్టి నత్త కథ తనకి తానే చెప్పుకుంది. చెప్పుకుంటూ చెప్పుకుంటూ తల ఎత్తి చూస్తే మద్దిచెట్టు ఎప్పుడో వెనకపడింది! నాలుగో మలుపు తిరిగింది. అయిదో మలుపూ తిరిగింది. అక్కడికి చేరాక గానీ మాట ఆగలేదు. నేరేడు తన కళ్ళని తనే నమ్మలేక అక్కడే చతికిలబడింది.

తర్వాత గబగబా దిగొచ్చి, "దొడ్డమ్మా! అయిదో మలుపు! ఇదేం మాయ?" అంది.

"మాయా లేదు మంత్రమూ లేదు. మొదటిరోజు రేగి ఎంత ఉండేదే?"

"గుప్పెడంత."

"ఇప్పుడు?"

నేరేడు రేగి వైపు చూసింది. తన పాలు తాగి, ఇప్పపూలు తిని, రేగి ఇంత పనసకాయంత అయి, దొడ్డమ్మ కాలిని చుట్టుకుని ఆడుకుంటోంది. పొద్దస్తమానం వీపు మీదే ఉండటంతో, రోజూ పెరుగుతున్న ఆ బరువు నేరేడుకి తెలియనే లేదు.

"పిచ్చిదానా! నువ్వు ఆ చెట్టు దగ్గర ఆగిపోలేదే. రోజురోజుకీ ఎక్కువ బరువు మోసుకుంటూ అదే చెట్టు దాకా వెళ్ళావు. గీతలు లెక్కపెట్టుకున్నావు గానీ, మోసినదాన్ని లెక్కలోకి తీసుకోలేదు" అంది దొడ్డమ్మ.

నేరేడు రేగిని ఎత్తుకుని గట్టిగా హత్తుకుంది. ఇన్నాళ్ళూ తన ఒంటిని తను ఎన్నెన్ని మాటలంది! అది మాత్రం ఎదురుచెప్పకుండా మోస్తూనే ఉంది. అది తలుచుకుంటే నేరేడుకి సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది.

మర్నాడు తెల్లవారకముందే లేచి, రేగిని వీపు మీద వేసుకుని బయల్దేరింది. అయిదు రోజులు పడుకుంది కదా, ఈసారి మద్దిచెట్టు దాకా కూడా వెళ్ళలేకపోయింది. రెండో మలుపు దగ్గరే ఆగింది. అయినా ఏడవలేదు. అక్కడ ఒక గీత గీసి దిగొచ్చింది. నాలుగు రోజులు అలాగే వెళ్ళింది. నాలుగోరోజుకి మద్దిచెట్టు మళ్ళీ అందింది.

అయిదోరోజు పొద్దున లేచేసరికి వాగు చప్పుడు లేదు. నీళ్ళు ఆగిపోయాయి.

జంతువులన్నీ బయల్దేరాయి. చెంగి గెంతుతూ వెళ్ళిపోయింది. కొమ్మయ్య కొమ్మల మీంచి వెళ్ళిపోయాడు. దొడ్డమ్మ నేరేడుని తొయ్యలేదు, మొయ్యలేదు. ముందు నడుస్తూ, ముళ్ళూ రాళ్ళూ తొక్కి దారి చదును చేసింది.

నేరేడు నత్త కథ మొదలుపెట్టింది. ఆగింది. నడిచింది. మళ్ళీ ఆగింది. మద్దిచెట్టు వచ్చింది. ఇవాళ గీత గీయలేదు, చెట్టుని ఒకసారి తట్టి ముందుకి నడిచింది. నాలుగో మలుపు. అయిదో మలుపు. ఆరో మలుపు దగ్గర మాట పూర్తిగా పోయింది. ఎండ చుర్రుమంటోంది. కూర్చుంది. ఎంతసేపటికీ మాట రాలేదు.

రేగి వీపు మీంచి దిగింది. అమ్మ మొహంలోకి చూసింది.

"అమ్మా, నువ్వు ఊపిరి తీసుకో. కథ నేను చెప్తాను" అంది. "నత్త ఉందా, అది ముళ్ళకంప దగ్గర కూర్చుందా, దానికి బాగా ఆయాసం వచ్చిందా... అయినా అది ఇంటికి వెళ్ళిపోలేదు. ఎందుకో తెలుసా? అత్తగారు పాయసం వండి పెట్టింది!"

నేరేడుకి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఊపిరీ వచ్చింది. "తర్వాత?" అంది. అడిగాక తెలిసింది, మాట తిరిగి వచ్చిందని!

లేచింది. రేగి కాసేపు పక్కన నడిచింది, కాసేపు వీపు మీద ఎక్కింది. ఏడో మలుపు తిరిగేసరికి చల్లగాలి తగిలింది. రాళ్ళ మధ్య నుంచి ఊట బుడబుడమంటూ ఉబుకుతోంది. రేగి ఒక్క పరుగున వెళ్ళి మూతి ముంచింది. నేరేడు తను తాగడం మరిచిపోయి, బిడ్డ తాగుతుంటే చూస్తూ నిలబడింది. ముందే వచ్చిన కొమ్మయ్య చెట్టు మీంచి దిగి, "ఇలా రా వదినా, ఇక్కడ నీడుంది" అని చోటిచ్చాడు.

నేరేడు సన్నబడిందా అంటారా? ఏమోనర్రా, పెద్దగా ఏం లేదు. ఇప్పటికీ గుండ్రంగానే ఉంటుంది.

మర్నాడు తెలతెలవారుతుండగా నేరేడు మళ్ళీ లేచింది. రేగి కళ్ళు నులుముకుంటూ, "మళ్ళీ ఎక్కడికమ్మా? నీళ్ళు దొరికాయిగా!" అంది.

"నిన్న నీళ్ళ కోసం నడిచాను. ఇవాళ నా ఒంటిని నేనే షికారుకి తీసుకెళ్తున్నాను. పాపం, అది నన్ను ఇంత దూరం మోసుకొచ్చింది కదా! వస్తావా?" అంది నేరేడు.

రేగి వీపు మీద ఎక్కలేదు. అమ్మ పక్కనే నడిచింది.

నీతి: మన ఒళ్ళు ఎంత మోస్తోందో చూడకుండా, ఇంత దూరమే పోయిందని దాన్ని తిట్టకూడదు; ఓపికున్నంత నడిచి, అలిసిన చోట ఆగి, మర్నాడు మళ్ళీ బయల్దేరాలి.