ఎనిమిదోసారి వెళ్ళిన పడవ

కొత్తరేవులో సింహాచలం అనే బుర్రకథకుడు ఉండేవాడు. చప్పట్ల కోసం అతను ఎంత అబద్ధమైనా చెప్పేవాడు.

ఒక సాయంత్రం అరవై ఏళ్ళ కిందటి వరద కథ ఎత్తుకున్నాడు. ఆ వరదలో పడవ నడిపిన పోలయ్య తిరిగి రాలేదని అతను విన్నాడు. ఎందుకు రాలేదో మాత్రం ఎవరినీ అడగలేదు. కథకు ఒక పిరికివాడు ఉంటే రక్తి కడుతుందనుకున్నాడు.

"పిల్లల చేతులు విదిలించుకుని పారిపోయాడయ్యా పోలయ్య!" అని గర్జించాడు.

జనం ఛీ ఛీ అన్నారు. ఆపైన చప్పట్లే చప్పట్లు!

మర్నాడు ఏరు దాటాలని రేవుకు వెళ్ళాడు. అక్కడున్న రెండు పడవల్లో అందరూ ఒకదాని కోసమే కాచుకుని ఉన్నారు. నూకరత్నం అనే ఆమె నడిపే రెండో పడవ ఖాళీగా ఉంది. అతను అందులో ఎక్కాడు.

"ఎవరూ ఎక్కరేమ్మా?"

"నిన్న మీ కథ విన్నారు కదండీ! పోలయ్య మనవరాలు నడి ఏట్లో వదిలేసి పోతుందట."

ఆమే ఆ మనవరాలని సింహాచలానికి అర్థమైంది. "రక్తి కోసం అన్నానమ్మా, అంతే."

"దానికి మా తాత పేరే కావలసి వచ్చిందా?"

"అయితే అసలు ఏం జరిగిందమ్మా?" అని అడిగాడు. నూకరత్నం అతన్ని అవతలి ఒడ్డున ఉండే పైడితల్లి అవ్వ దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఏడుసార్లు జనాన్ని దాటించాడు బాబూ" అంది అవ్వ. "ఏడోసారి చిన్నపిల్లనైన నన్ను తెచ్చాడు. చెట్టు మీద ఇంకా ఇద్దరున్నారని మళ్ళీ వెళ్ళాడు. ఇక రాలేదు."

ఆ సాయంత్రం సింహాచలం అదే చోట నిలబడ్డాడు. ముందు వరసలో అవ్వ, నూకరత్నం కూర్చున్నారు.

"నిన్న నేను చెప్పింది అబద్ధం. పోలయ్య పారిపోలేదు!"

"మమ్మల్ని వెర్రివాళ్ళని చేశావా?" అని ఎవరో అరిచారు.  అయినా అతను తంబురా మీటాడు.

వరదను వెయ్యి ఏనుగుల్లా ఘీంకరింపజేశాడు. గాలికి కూడా మాటలు పెట్టాడు. కానీ పోలయ్య చేసినదాంట్లో ఒక్క ముక్క మార్చలేదు. పడవ ఒడ్డు చేరినప్పుడల్లా జనం "ఒకటి! రెండు! మూడు!" అని కేకలు పెట్టారు. ఏడు అనగానే అవ్వ లేచి, "ఆ పిల్లని నేనే!" అంది. జనం ఒళ్ళు గగుర్పొడిచింది.

ఎనిమిదోసారి వెళ్ళిన పడవ తిరిగి రాలేదని చెప్పి అతను తంబురా దించాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ లేచి నిలబడ్డారు.

మర్నాడు నూకరత్నం పడవ ఎక్కడానికి జనం తోసుకున్నారు.

నీతి: కథకు ఎన్ని రంగులైనా అద్దవచ్చు, కానీ నిజంగా బతికిన మనిషికి లేని మచ్చ అంటించకూడదు.