మూత కుండల భోజనం

వానలు పడి ఊరంతా దుక్కికి దిగింది. పూటకూళ్ళ గవరమ్మకు మాత్రం కాలు నిలవడం లేదు. ఎద్దుల కొమ్ములకు పెట్టే ఇత్తడి కుప్పెలు దొరుకుతాయన్న ఆశతో, మొగుడు జతలో ఒక ఎద్దును జమీందారు దివానుకిచ్చి, లోపలేముందో చూపకుండా ఆయన అమ్మే మూత కుండలు కొన్నాడు. అన్నిట్లోనూ ఊకే! ఒంటెద్దుతో దుక్కెలా సాగుతుంది?

ఆ మధ్యాహ్నం దివానే ఆకలితో నకనకలాడుతూ భోజనానికొచ్చాడు. గవరమ్మ ముందే డబ్బు పుచ్చుకుని, మూతలు కట్టిన కుండలు వరసగా పెట్టింది.

"ఒకదాంట్లో అన్నముంది బాబూ. మీ అదృష్టం!"

మొదటిది విప్పితే ఊక. రెండోదీ ఊకే.

"లోపలేముందో చూపించకుండా డబ్బు గుంజుతావుటే? ఇది పట్టపగటి దోపిడీ!" అని దివాను చిందులేశాడు.

బంతిలో తింటున్న రైతులు చేతులాపి ఆయన వంక చూశారు. వాళ్ళందరూ ఆయన కుండలు కొన్నవాళ్ళే.

"తీర్పు మీ నోటే వచ్చింది బాబూ," అంది గవరమ్మ. "మా ఎద్దును వెనక్కి తోలించండి. మూత తీసే వడ్డిస్తాను."